మూడో కుర్చీ

ఆస్ట్రేలియాలో మేమిప్పుడుంటున్న ఎడ్మండ్‌సన్ పార్క్‌లో శనివారం బార్బీకి, అంటే ఆరుబయట మాంసం కాల్చుకొని తినే విందుకు చేరే పిల్లలంతా సాఫ్ట్‌వేర్ వాళ్లే. నేను ఉత్తరాన డార్విన్ ఊరి ఆసుపత్రిలో వైటూకే పని చేశానని తెలిసినప్పటి నుంచి నన్ను చూస్తే వాళ్లకు హుషారు. "అంకుల్, అదంతా ఉత్త హడావుడేనంట కదా! చివరికి ఏమీ జరగలేదంట కదా!" అంటారు. నిజమే, ఏమీ జరగలేదు. ఏమీ జరగకుండా చూడడానికి రెండేళ్లు నడుం విరిగేలా పనిచేసినవాణ్ని ఎదురుగా పెట్టుకొని ఆ మాటంటే నాకు ఒళ్లు మండుతుంది. చేతిలో పళ్లెం ఉంటుంది కాబట్టి ఊరుకుంటాను. ఇంటికి వచ్చి మా ఆవిడ మీద అరుస్తాను.

"నా మీద అరిస్తే ఏమొస్తుంది? ఆ కుర్చీ సంగతి రాసి వాళ్ల ఫోన్లకు పంపగూడదా?" అందామె మొన్న. అందుకని రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను. ఇందులో గొప్ప పని చేసిన మనిషికి పేరు వేయించుకోవడం ఇష్టం ఉండదు, వెధవ పని చేయబోయినవాడి పేరు మీకెటూ తెలుసు.

పిల్లలూ, అప్పటి యంత్రాల్లో చాలావాటికి సంవత్సరంలో చివరి రెండంకెలే తెలుసు. తొంభై తొమ్మిది తర్వాత రెండు సున్నాలు వస్తే అది కొత్త శతాబ్దమో, వెనకటి శతాబ్దమో వాటికి తెలియదు. ఆసుపత్రిలో అలాంటి తికమక వస్తే రోగి వయసు తప్పుతుంది, మందు తప్పుతుంది. డార్విన్‌లో మాకు ఇంకో చిక్కు. మరో పెద్ద ఆసుపత్రి కావాలంటే వేల కిలోమీటర్లు విమానంలో పోవాలి. డిసెంబరంటే అక్కడ వానలు మొదలయ్యే కాలం, దూరపు ఊళ్ల దార్లు నీళ్లలో మునుగుతాయి. అందుకని ప్రోగ్రాములు సరిచేయడంతో పాటు, కంప్యూటర్లు పూర్తిగా ఆగిపోయినా కాగితాల మీద ఆసుపత్రి నడవగలదని రిహార్సల్ చేసి చూపించమన్నారు పైవాళ్లు. కంప్యూటర్ విభాగం నాది. రికార్డుల గది కూడా ఆ ఏడాదే నా కిందికి వచ్చింది.

ఆ రికార్డుల గదిలో ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ ఉండేది. యాభై దాటిన మనిషి, పొట్టిగా, బడిలో హాజరు తీసుకుంటున్నట్టు చూసే చూపు. ఊళ్లో పదిహేడేళ్లు టీచరు. ఆస్ట్రేలియా అతన్ని పెళ్లి చేసుకొని వచ్చింది. ఆయన ట్రక్కులు నడిపి నడిపి వెన్ను పాడుచేసుకొని ఇంట్లో కూర్చున్నాడు, ఇల్లు ఈమె జీతం మీదే నడిచేది. ఆరేళ్ల నుంచి క్యాజువల్ ఉద్యోగమే. సోమవారం పని ఉందో లేదో శుక్రవారం తెలిసేది. పర్మనెంట్ కోసం ఆమె పెట్టుకున్న దరఖాస్తు నా సిఫార్సు కోసం నా బల్ల మీదే ఉంది.

అక్కడ అందరూ నన్ను పేరు పెట్టి పిలిస్తే, ఆమె మాత్రం "సర్" అనేది. మానమంటే, "మీరు పై అధికారి, సర్, నాకు నోరు రాదు" అనేది. మన కడప బుద్ధికి ఆ పిలుపు తియ్యగా ఉండేది, అబద్ధమెందుకు.

ఆసుపత్రిలో ఫిలిప్పీన్స్ వాళ్లు చాలామంది. నర్సులు, వంటవాళ్లు, శుభ్రం చేసేవాళ్లు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఒకే బల్ల దగ్గర చేరి అన్నం తినేవాళ్లు. అన్నం వాసనకి నేనూ అక్కడికే చేరేవాణ్ని. వాళ్లలో ఒక చిన్న నర్సు ఉండేది, పాతికేళ్లుంటాయి. ఎప్పుడూ దేశం మీద విసుక్కునేది.

"ఇక్కడ రోడ్డు మీద పిట్ట లేకపోయినా ఎర్ర లైటు దగ్గర మనవాళ్లు ఆగుతారు. అదే మనిషి మనీలాలో దిగగానే కాగితం రోడ్డు మీద పడేస్తాడు. మనం బాగుపడం. మంచివాళ్లంతా బయటికి వచ్చేశారు, ఇంకెవరున్నారు అక్కడ?" అంది ఒకరోజు.

"మా కడపలోనూ ఇంతే" అని నేను వంత పాడాను. అక్కడితో ఆగక, మా హైదరాబాదులో అద్దాల మేడలు లేస్తున్నాయని, ఇంకో పదేళ్లలో చూడండని కోతలు కోశాను.

మా రికార్డుల గది టీచరమ్మ చెంచా కింద పెట్టింది. "ఇక్కడ ఆగేది నువ్వే, అక్కడ పడేసేది నువ్వే. అంటే పట్టింది రక్తంలో రోగం కాదన్నమాట" అంది నర్సుతో. తర్వాత నా వైపు తిరిగి, "మేడలు రానివ్వండి, సర్. మా ఊళ్లో ఒక ఎన్నిక తుపాకీ కనపడకుండా ముగిసి, లెక్క ఉన్నదున్నట్టు బయటికి వచ్చి, అది పేపర్లో వార్తే కాకుండా పోతే, ఆ రోజు మా దేశం ముందుకు వెళ్లిందంటాను. నేను బతికుండగానే చూస్తాను" అంది. చిన్న నర్సు నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు.

డిసెంబరు మొదట్లో రిహార్సల్ జరిగింది. ఒక పూటంతా వార్డుల్లో కంప్యూటర్ తెరలు ఆపేశాం. వెనకాల అసలు కంప్యూటర్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి రోగులకు ప్రమాదం లేదు. ల్యాబ్ చీటీలన్నీ రికార్డుల గదికి రావాలి, అక్కడ నమోదై వార్డులకు పోవాలి. నేను మూడు రంగుల ఫారాలు అచ్చు వేయించాను. పెళ్లి శుభలేఖలకు కూడా అంత శ్రద్ధ పెట్టలేదు. అంతా నిశ్శబ్దంగా, అందంగా జరిగింది. ఒక్కరూ గొంతెత్తలేదు. మా మేనేజరు నా వీపు తట్టి, "ఈ సాయంత్రంలోపల రిపోర్టు పంపించెయ్, మేట్" అన్నాడు.

"చిన్న లోపాలు సరిదిద్దబడినవి, ఫలితం సంతృప్తికరం" అని రాశాను. దానిమీద మూడు సంతకాలుండాలి. నాది పెట్టాను. వార్డుల తరఫున ఒక సీనియర్ సిస్టర్ పెట్టింది. మూడోది రికార్డుల గది సంతకం. కాగితం తీసుకొని నేనే వెళ్లాను.

ఆమె ముందు రెండు చీటీలు పెట్టుకొని కూర్చుంది. పక్కపక్క వార్డుల్లో ఒకే ఇంటిపేరున్న ఇద్దరు రోగులున్నారు. వాళ్ల రక్తం గ్రూపు చీటీలు తారుమారై, ఒకరిది ఒకరి వార్డుకు పోయాయి.

"సర్, 'సరిదిద్దబడినవి' అని రాశారు. దీన్ని ఎవరు సరిదిద్దారు?"

ఆ తప్పు నేను పొద్దునే చూశాను. రిజిస్టరులో ఆ రెండు పేర్లూ అటుదిటుగా కనిపించాయి. రాసింది ఆ సీనియర్ సిస్టరే. ముప్పై ఏళ్ల అనుభవం, ముక్కు మీద కోపం. ఆమెకు తెలియకుండా ఉంటుందా, నేనెవర్ని అడగడానికి అనుకున్నాను. తర్వాత తెలిసింది, చిన్న నర్సు కూడా చూసిందట. పెద్దావిడ నలుగురిలో చిన్నబోతుందని ఊరుకుందట. ఆస్ట్రేలియా పిల్లెవరైనా ఆ స్థానంలో ఉంటే అక్కడే అరిచి ఉండేది. అంత మర్యాదగా తప్పు చేయడం మా రెండు దేశాలవాళ్లకే చేతనవును.

"రిహార్సలే కదా, ఎవరికీ నిజంగా రక్తం ఎక్కించలేదు కదా!" అన్నాను.

"రిహార్సల్ కాబట్టే రాయాలి, సర్. ఆ రోజున రాయడానికి టైముండదు."

బయట ఉరుము. గదిలో ఉక్క. మేనేజరు రెండుసార్లు ఫోన్ చేశాడు. నాలో కడప మనిషి లేచాడు. "నీ పర్మనెంట్ ఫైలు నా బల్ల మీదే ఉంది, గుర్తుందా?" అన్నాను. ఇన్నేళ్లయినా ఆ మాట తలుచుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

"గుర్తుంది, సర్. పైనుంచి మూడోది" అందామె.

కోపంగా కూడా అనలేదు. కుర్చీ లాగి నన్ను కూర్చోమంది. కూర్చున్నాను.

"మా దగ్గర ఎన్నికల్లో ఓట్లు లెక్కపెట్టేది బడి టీచర్లే, సర్. తరగతి గదిలోనే. ఒక టీచరు ఓటు కాగితం గట్టిగా చదవాలి. రెండో టీచరు నల్లబల్ల మీద గీత గీయాలి. మూడో టీచరు కాగితాన్నీ, గీతనూ చూసి ఔనో కాదో చెప్పాలి. ఊరంతా కిటికీల దగ్గర నిలబడి వింటుంది. ఒకసారి మధ్యలో ఒక మనిషి వచ్చాడు. లెక్క ముందే రాసి ఉన్న కాగితం నా బల్ల మీద పెట్టాడు. ఆ కాగితం ఎగిరిపోకుండా దాని మీద తుపాకీ పెట్టాడు. సంతకం చేస్తే చాలన్నాడు."

"చేశావా?"

"లేదు. అందరం చేతులు పట్టుకొని ఓట్ల పెట్టె చుట్టూ నిలబడ్డాం. తెల్లారాక ఊరివాళ్లు వచ్చి మమ్మల్నీ, పెట్టెనీ టౌనుకు నడిపించుకొని పోయారు. తర్వాత నన్ను ఎక్కడో దూరపు దీవికి బదిలీ చేశారు, అది వేరే సంగతి." కాగితం నా వైపు జరిపింది. "తుపాకీకి పెట్టని సంతకం మీ కోపానికి పెడతానా, సర్?"

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చొని, కంచం పక్కకు జరిపాను. మా ఆవిడ అడిగితే జరిగింది చెప్పాను. పదేళ్ల మా అమ్మాయి హోంవర్క్ లోంచి తలెత్తి, "సో, షి ఈజ్ రైట్, నాన్నా?" అంది. దాని తల్లి, "రైటే. మీ నాయనకూ తెలుసు. అందుకే ఆ మొగం" అంది.

నాకు గుర్తుకొచ్చింది మా నాయన. ఆయనా బడిపంతులే. మాది తెలుగు మాట్లాడే దూదేకుల ఇల్లు. నాకు పదేళ్లప్పుడు ఆయన ఎన్నికల డ్యూటీకి ఇస్త్రీ చొక్కా వేసుకొని ఒక పల్లెకు వెళ్లాడు. రెండు రోజుల తర్వాత వచ్చి, చొక్కా విప్పి మూలకు విసిరి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. అక్కడ ఎవరో కట్టెలూ, బాంబులూ పట్టుకొని వచ్చి ఓట్లన్నీ వాళ్లే గుద్దుకున్నారని, అంతా సవ్యంగా జరిగిందని ఈయన చేత సంతకం చేయించుకున్నారని ఊళ్లో అనుకున్నారు. ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఆ తర్వాత ఎన్నికల రోజుల్లో మా ఇంట్లో పేపరు మడత విప్పేవాడు కాదు.

మా నాయన ముందు బాంబులున్నాయి. నా ముందు ఉన్నది మేనేజరు ఫోను. సిగ్గనిపించింది.

మర్నాడు పొద్దున రిపోర్టు చించి మేనేజరు బల్ల మీద పెట్టాను. మొదటి రిహార్సల్ తప్పిందని, తప్పు చూసి కూడా మాట్లాడనివాళ్లలో మొదటివాణ్ని నేనేనని చెప్పాను. "రెండో ఛాన్సుంది, మూడోది లేదు" అన్నాడు అతను. అక్కడి నుంచి నేరుగా రికార్డుల గదికి వెళ్లి, "టీచర్, మీ ఊరి లెక్కింపు నాకు నేర్పించు" అన్నాను. ఆ రోజు నుంచి ఆమెను టీచర్ అనే పిలిచాను.

ఆమె మూడు కుర్చీలు వరసగా వేయించింది. ఎదురుగా తెల్లబోర్డు. మొదటి కుర్చీ చీటీ గట్టిగా చదవాలి. రెండో కుర్చీ బోర్డు మీద రాయాలి. మూడో కుర్చీ రెండూ చూసి "ఔను" అనో "కాదు" అనో పైకి చెప్పాలి, చెప్పేదాకా చీటీ కదలడానికి వీల్లేదు. తలుపు తెరిచే ఉండాలి, దారిన పోయేవాళ్లెవరైనా నిలబడి వినొచ్చు. నా మూడు రంగుల ఫారాలు చెత్తబుట్టకు పోయాయి.

"మనలో ఒక గుణం ఉంది, సర్. ఎదుటివాడు సిగ్గుపడతాడని మనం నోరు మూసుకుంటాం. ఇరుగుపొరుగుతో బతకడానికి మంచిదే. లెక్క దగ్గర మాత్రం కొంప ముంచుతుంది. అందుకే తప్పు పట్టే పని మనిషికి ఇవ్వకూడదు, కుర్చీకి ఇవ్వాలి. మూడో కుర్చీలో కూర్చున్నాక కాదనడం పొగరు కాదు, డ్యూటీ" అంది.

రెండో రిహార్సల్ క్రిస్మస్‌కు మూడు రోజుల ముందు. ఆ ఏడాది రంజాన్ ఉపవాసాలు కూడా అప్పుడే. నేను నాలుగింటికి లేచి ఉపవాసానికి ముందు తినే సహరి ముగించుకొని వచ్చేసరికి, ఆసుపత్రి ముందు కార్లలోంచి ఫిలిప్పీన్స్ వాళ్లంతా దిగుతున్నారు. క్రిస్మస్‌కు ముందు తొమ్మిది రోజులు తెల్లవారకముందే చర్చికి వెళ్లడం వాళ్ల ఆచారం, అటునుంచి అటే వచ్చేశారు. డ్యూటీ ఉన్నవాళ్లు సరే, లేనివాళ్లూ వచ్చారు. వంటవాళ్లు, ఊడ్చేవాళ్లు. వార్డులకు చీటీలు మోయడానికి మనుషులు చాలరని టీచర్ ఎవరితోనో అందట. "మా పల్లెల్లో ఒకడు ఇల్లు మారాలంటే ఊరంతా వచ్చి వెదురిల్లును భుజాల మీద ఎత్తుకొని పోతారు, సర్. ఇవి కాగితాలే కదా!" అన్నాడొక వంటాయన. అరిటాకులో కాల్చిన బియ్యప్పిండి కొబ్బరి రొట్టెలు తెచ్చారు. నా వాటా మూటగట్టి, మీద నా పేరు రాసి ఇఫ్తార్ కోసం ఫ్రిజ్‌లో పెట్టారు.

మొదటి కుర్చీలో సీనియర్ సిస్టర్. రెండో కుర్చీలో నేను. మూడో కుర్చీలో టీచర్ కూర్చుంటుందనుకున్నాం. ఆమె చిన్న నర్సును భుజం పట్టి కూర్చోబెట్టి, తను వెళ్లి తలుపు దగ్గర నిలబడింది.

గంటసేపు "ఔను, ఔను" అనే వినిపించింది. తర్వాత సిస్టర్ ఒక చీటీ చదివింది, నేను రాశాను. మూడో కుర్చీ పలకలేదు. వెనక్కి తిరిగి చూశాను. పిల్ల చీటీ వైపు చూస్తోంది, బోర్డు వైపు చూస్తోంది, ముఖం ఎర్రబడింది. తలుపు దగ్గర వంటవాళ్లు మెడలు చాపారు. టీచర్ చేతులు కట్టుకొని నిలబడింది.

"కాదు" అంది పిల్ల, వినీ వినపడనట్టు.

"గట్టిగా" అంది టీచర్.

"కాదు! సిస్టర్ చదివింది పక్క వరస!"

సిస్టర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది, పెట్టుకుంది, చీటీని దగ్గరగా పట్టుకుంది. "రైట్ యు ఆర్, లవ్" అని మళ్లీ చదివింది. తలుపు దగ్గర చప్పట్లు. తర్వాతి "కాదు" నాకే తగిలింది, ఈసారి పిల్ల గొంతు హాలు చివరిదాకా వినిపించింది. మధ్యాహ్నానికి ఏడు తప్పులు బయటపడ్డాయి, ఏడూ ఆ గది దాటకముందే దిద్దాం.

"ఏడు తప్పులా? పోయినసారి ఒక్కటే కదా, మేట్?" అన్నాడు మేనేజరు రిపోర్టు చదివి.

"పోయినసారి మిగతావి ఎవరూ పైకి చెప్పలేదు" అన్నాను. అతను తలూపాడు.

టీచర్ ఆ రిపోర్టు మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివింది. జేబులోంచి సొంత పెన్ను తీసి, బడిపిల్లలకు చూచిరాత నేర్పేటంత గుండ్రంగా తన పేరంతా రాసి సంతకం చేసింది. నా ఉద్యోగంలో వెయ్యి కాగితాల మీద సంతకాలు చూసి ఉంటాను. గర్వపడి దాచుకున్న నకలు అదొక్కటే.

కొత్త సంవత్సరం వచ్చింది. యంత్రాలు బుద్ధిగా పనిచేశాయి. మూడు కుర్చీలు వేసుకొని సిద్ధంగా కూర్చున్న మేం కాఫీలు తాగి ఇళ్లకు పోయాం. ఆమెకు పర్మనెంట్ ఫిబ్రవరిలో వచ్చింది. సిఫార్సు నేను రెండు పేజీలు రాశాను, అందులో నా తప్పు కూడా రాశాను.

కానీ నేను చెప్పాలనుకున్నది అది కాదు. రంజాన్ పండగ రోజు కడపకు ఫోన్ చేశాను. మా నాయన మామూలుగా అడిగాడు, "ఏం రా, ఆ కంప్యూటర్ల గోల అయిపాయనా?" అని. ఎందుకో మొత్తం చెప్పేశాను. తుపాకీ, ఓట్ల పెట్టె, నా ఫైలు బెదిరింపు, అన్నీ. 

"ఆయమ్మ సంతకం పెట్టలేదా?"

"పెట్టలేదు నాయనా."

"నేను పెట్టినా రా" అన్నాడు. ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత, మొదటిసారి. "చెయ్యి వణుకుతాంటే వాళ్లే పట్టుకొని పెట్టించినారు. ఆయమ్మకు నా సలాం చెప్పు. ఒక అయ్యవారు చెప్పినాడని చెప్పు."

మర్నాడు రికార్డుల గదికి వెళ్లి చెప్పాను. ఆమె కూర్చున్నచోటు నుంచి లేచి నిలబడింది, ఎవరో పెద్ద టీచరు తరగతిలోకి వచ్చినట్టు.

"ఆ రోజు ఆ గదిలో మీ నాన్నగారితో ఎవరెవరున్నారు, సర్?"

"ఎవరూ లేరు. తోడు వచ్చినవాళ్లంతా పారిపోయారట. ఆయనొక్కడే."

"అయితే ఆయనకు చెప్పండి" అంది. "నాకూ చెయ్యి వణికింది. కానీ ఆ రోజు మేం పదకొండు మందిమి."

ఆ మాట ఫోన్లో మా నాయనకు అలాగే చెప్పాను. ఆయన ఏడ్చాడు. ఏడ్చి, ముక్కు చీదుకొని, ఆ పల్లె పేరు దగ్గర మొదలుపెట్టి ఆ రోజు జరిగిందంతా మొదటిసారి నాకు చెప్పాడు. ఫోన్ కార్డులో నిమిషాలు అయిపోతే ఇంకో కార్డు గీకి మరీ విన్నాను.